ముడి బయటివైపు

ముందుగా తగిలేది బీభత్సమే. అప్పుడే పుట్టిన బిడ్డ పొత్తికడుపు మీద విచ్చిన మందారంలా ఎర్రగా, తడిగా ఏదో ఉంటుంది. గాయం కాదు, మూత్రాశయం లోపలి గోడ. సంచిలా మూసుకోవలసింది మూసుకోక బయటపడింది. కాస్త నిలిచి చూస్తే కింది భాగంలో రెండు సన్నని రంధ్రాలు తెలుస్తాయి. ఒకసారి దీన్నుంచి, ఒకసారి దాన్నుంచి మూత్రం బొట్టుబొట్టుగా ఊరుతుంటుంది. కిడ్నీలు తమ పని తాము చేసుకుపోతూనే ఉన్నాయి. బ్లాడర్ ఎక్స్‌ట్రోఫీ అంటారు దీన్ని. సుమారు 30 వేల నుంచి 50 వేల కాన్పుల్లో ఒక్కరికి వస్తుంది.

దీన్ని మూసే ఆపరేషన్ వీడియోలు నేను కచేరీకి కూర్చున్నట్టు కూర్చుని చూస్తాను. (వాటికి వెనక వేణువు తగిలించేవాళ్ళను మాత్రం క్షమించలేను.)

నేర్పు థియేటర్ బయటే మొదలవుతుంది. బొడ్డుతాడుకి ప్లాస్టిక్ క్లిప్పు ఉంచరు, పట్టుదారంతో కడతారు. క్లిప్పు అంచు ఆ లేత పొరను గీరకూడదు. గాజుగుడ్డ అంటుకుంటుంది కనక పలుచని ప్లాస్టిక్ పొర కప్పుతారు. మొదటి రెండు మూడు రోజుల్లో మూస్తే బిడ్డ ఎముకలు ఇంకా మెత్తగా ఉండి, చెప్పినట్టు వింటాయి.

సర్జన్ ఆ పొరను చుట్టూ చర్మం నుంచి విడదీస్తాడు. రెండు రంధ్రాల్లోకీ సన్నని గొట్టాలు పోనిచ్చి, అంచుకు అంచు చేర్చి, కరిగిపోయే దారంతో కుట్టుకొస్తాడు. ఇదంతా బిడ్డ సొంత కండే, అరువు తెచ్చిందేమీ లేదు. కుట్టిన సంచిని కటి లోతుల్లోకి దించాక అసలు ఘట్టం. అసిస్టెంట్ రెండు అరచేతులతో తుంటిని ఇటూ అటూ నొక్కిపట్టుకుంటాడు. ఎడంగా ఉన్న జఘన ఎముకలు ముందుకొచ్చి కలుస్తాయి. లావుపాటి దారంతో ఒక కుట్టు వేసి బిగిస్తారు, ముడి బయటివైపు పడేలా. లోపలివైపు పడితే ఎప్పుడో ఒకనాడు మూత్రమార్గాన్ని ఒరిసి కోసేస్తుంది. ఎన్నాళ్ళ తరవాతో రాబోయే నొప్పిని ఒక ముడి పడే దిక్కులోనే తప్పించడం! ఈ కళలో నాకు ఇంతకన్న గొప్ప చోటు లేదు.

ఆ తరవాత బొడ్డు. ఈ పిల్లలకు అది బాగా కిందికి ఉంటుంది, మూసేటప్పుడు దక్కదు. సరైన చోట కొత్తది చేస్తారు. దానితో ఒంటికి పనేమీ లేదు, చూడ్డానికే. అయినా చేస్తారు.

బాణీలు రెండు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో సర్జన్లు జెఫ్స్, గేర్‌హార్ట్ తీర్చింది అంచెలంచెలది: ఇప్పుడు మూయడం, ఏళ్ళు గడిచాక మూత్రం ఆపుకునే శక్తికి మరో ఆపరేషన్. సియాటిల్ సర్జన్ మిచెల్‌ది ఒకే విడతలో వీలైనంతా ముగించేది. చూడ్డానికి నాకు మొదటిదాని విలంబమే ఇష్టం. అహ్మదాబాద్ సివిల్ ఆసుపత్రిలో మన సర్జన్లూ అమెరికా సర్జన్లూ 2009 నుంచి ఏటా కలిసి చేస్తున్నది రెండోది. అక్కడికొచ్చే పిల్లల్లో చాలామందికి మెత్తని ఎముకల రోజులు దాటిపోయి ఉంటాయి, కొందరికి ముందు వేసిన కుట్లు విడిపోయి ఉంటాయి. కాబట్టి కటి ఎముకను కోసి మరీ దగ్గరికి తేవాలి.