బ్యాంకులో పడని డబ్బు

ఒక చీర అమ్మితే నాకు బ్యాంకులో 750 రూపాయలు పడ్డాయి. పుస్తకంలోనూ అదే రాశాను: అమ్మకం, 750. ఆ తరువాత ఏడాది పాటు ప్రతి చీరకీ ఇదే వరస. రిటర్న్ నేనే వేసుకునేదాన్ని కనుక అడిగేవాళ్లు లేరు.

ఏడాది చివర మా ఆడిటర్ గారు ఆ పేజీ చూసి కళ్లజోడు తీశారు.

"చీర ఎంతకమ్మా అమ్మింది?"

"1,050కండీ."

"మరి ఈ 750 ఏమిటి?"

"కమీషనూ కొరియరూ సైటు వాళ్లే పట్టుకుని, మిగిలింది వేస్తారండీ."

"అయితే ఇది మిగులు, అమ్మకం కాదు. వాళ్లు పట్టుకున్న దాంట్లో మీ డబ్బు కూడా ఉంది. వెళ్లి వెతుక్కోండి."

వెతికాను. మంగళగిరి నూలు చీర మీద జీఎస్టీ 5 శాతం. 1,050లో చీర వెల 1,000, పన్ను 50. అమ్మిపెట్టిన సైటు వాళ్లు కమీషన్ 150, దాని మీద 18 శాతం లెక్కన 27 పట్టుకున్నారు. కొరియర్‌కి 100, దాని మీద 18. నా పేరున ప్రభుత్వానికి జమ చేయడానికి టీసీఎస్ అని అర శాతం, అంటే ఇంకో 5. 2024 జులై దాకా అయితే అది ఒక శాతం ఉండేది. అన్నీ పోగా 750. ఇక ప్రభుత్వానికి నేను కట్టాల్సింది 50. అందులో 27, 18 ముందే కట్టేశాను, క్రెడిట్ తీసుకోవచ్చు. టీసీఎస్ 5 జీఎస్టీ పోర్టల్‌లో ఒప్పుకుంటే నా క్యాష్ లెడ్జర్లోకి వచ్చి చేరుతుంది. మూడూ కలిపి చూడండి, సరిగ్గా 50. కొత్తగా పైసా తీయక్కర్లేని చీర అది. నేనేమో 750నే అమ్మకంగా చూపించి, దాని మీద పన్ను కట్టి, క్రెడిట్ ఊసే ఎత్తలేదు. ఒక తప్పు ప్రభుత్వాన్ని ముంచింది, రెండోది నన్ను.

నా వ్యాపారంలో ఈ కొరియర్ పన్నుకి ఇంకాస్త విలువ ఎక్కువ. నేను చీరలు కొనేది గుంట మగ్గాల మీద నేసేవాళ్ల ఇళ్లలో. వాళ్లకు రిజిస్ట్రేషన్ ఉండదు, అంత టర్నోవరూ ఉండదు. కనుక చీర మీద నాకు క్రెడిట్ సున్నా. ఉన్నదల్లా సేవల మీద కట్టిందే.

మా నాన్న స్టీలు సామాన్ల కొట్టులో ఇనప చువ్వ ఒకటి ఉండేది. పార్శిల్ రసీదులన్నీ దానికి గుచ్చేవారు. గుచ్చాక మళ్లీ వాటి మొహం చూసింది లేదు. ఆయన తప్పేం కాదు. అప్పట్లో సరుకు మీది వ్యాట్ రాష్ట్రానిది, కొరియర్ మీది సర్వీస్ ట్యాక్స్ కేంద్రానిది. ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసేసుకునే దారి కొట్టువాళ్లకి లేదు. ఆ పన్ను వట్టి ఖర్చు. 2017 జులై 1న జీఎస్టీ రాకతో ఆ గోడ పడిపోయింది. చువ్వకు గుచ్చే అలవాటు మాత్రం నాకు వారసత్వంగా వచ్చింది.

సైటు ద్వారా పోయే చీరలతో పేచీ తక్కువ. వాళ్ల బిల్లులు నెలనెలా నా పేరు మీద వస్తాయి. కస్టమర్ తిప్పి పంపితే పోను కొరియర్, రాను కొరియర్ రెండూ వేస్తారు, ప్రాణం ఉసూరుమంటుంది. అయితే అమ్మకం రద్దయినా ఆ రెండింటి మీది క్రెడిట్ రద్దు కాదు. బండి తిరిగింది నిజమే కదా. అసలు తలనొప్పి వాట్సాప్‌లో అడిగి కొనేవాళ్లకు నేనే పంపే చీరలతో. మొదట్లో నేను వెళ్లిన కౌంటర్ కుర్రాడు బిల్లు మీద నా జీఎస్టీ నంబరు వేసేవాడు కాదు. నేనూ అడగలేదు. పన్ను కట్టినట్టు రసీదు చేతిలో ఉన్నా, నా నంబరు లేని బిల్లు, పోర్టల్ నెలనెలా చూపించే నా క్రెడిట్ల జాబితా 2బి పట్టీలోకి రాదు. 2022 జనవరి నుంచి ఆ పట్టీలో కనపడని బిల్లుకి క్రెడిట్ లేదు. అప్పటి ఆరు నెలల రసీదులు ఇంకా ఒక బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి, ఎందుకు దాచానో తెలియదు.

ఇంకొకటి. చీర వెల కాక కొరియర్‌కి వంద అదనంగా పుచ్చుకుంటే, అది నా చేతుల మీదుగా కొరియర్‌కి పోయే డబ్బేనని, దానికి పన్ను లేదని అనుకునేదాన్ని. తప్పు. ఆ వంద కూడా చీర వెలలో భాగమే, చీరకున్న 5 శాతం దానికీ పడుతుంది. కొరియర్‌కి నేను కట్టేది మాత్రం 18 శాతం. ఈ తేడా వల్ల, చీరలు ఎక్కువగా తిరిగొచ్చిన నెలల్లో క్రెడిట్ పేరుకుపోతుంది. వాడుకుంటూ పోవాలి తప్ప చేతికి రాదు. కొన్నదాని పన్ను ఎక్కువ, అమ్మినదాని పన్ను తక్కువ అయితే వాపసిచ్చే పద్ధతి ఒకటుంది కానీ, సేవల మీది పన్ను ఆ లెక్కలోకి రాదు. ఆ నిబంధన చెల్లుతుందని 2021లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. నాకు మాత్రం న్యాయంగా అనిపించదు. నెట్లో అమ్మేవాళ్లకు సరుకెంతో కొరియరూ అంతే కదా.

గడువూ ఉంది. ఒక ఆర్థిక సంవత్సరం బిల్లుల క్రెడిట్ తరువాతి నవంబరు 30 లోపు తీసుకోవాలి. ఆ లోపే వార్షిక రిటర్న్ వేస్తే అంతటితో సరి. ఆడిటర్ గారు కళ్లజోడు తీసిన ఏడాది నవంబరులో రెండు రాత్రులు కూర్చుని 4,200 చిల్లర పట్టుకున్నాను. నా లెక్కన అది 42 చీరల కొరియర్.

ఇప్పుడు నెలనెలా 14న 2బి రాగానే కాఫీ పక్కన పెట్టుకుని కూర్చుంటాను. ఎడమవైపు రసీదులు, కుడివైపు పట్టీ, ఒక్కో బిల్లుకీ పెన్సిల్ టిక్కు. ఈ నెల ఒకటి తగ్గింది. తెనాలికి పంపిన జాకెట్ ముక్క, బిల్లు 59 రూపాయలు, అందులో పన్ను తొమ్మిది. కౌంటర్‌కి ఫోన్ చేశాను.

"తొమ్మిది రూపాయలకా మేడమ్?" అన్నాడు కుర్రాడు.

"అవును నాయనా. నంబరు చెప్తాను, రాసుకో. ముప్పై ఏడుతో మొదలు."