తొందర పనికిరాని తొక్క పాకం

నారింజ, బత్తాయి తొక్కల్ని పంచదార పాకంలో ఊరబెట్టి నిలవ చేసే విద్యను మెచ్చుకునేవాళ్లు చాలామంది ముందుగా పొదుపు మాటే ఎత్తుతారు. పారేసే తొక్కతో మిఠాయి చేసుకోవచ్చు కదా అంటారు. లెక్క వేసి చూస్తే ఆ మెచ్చుకోలు నిలవదు. అర కిలో తొక్కకు కిలోకు దగ్గరగా పంచదార కావాలి, వారం పాటు రోజూ స్టవ్ వెలిగించాలి. పొదుపే ధ్యేయమైతే ఆ తొక్కను మొక్కల మొదట్లో ఎరువుగా వేసుకోవడం నయం. ఆరు వందల ఏళ్లకు పైగా ఈ వంటకం బతికి ఉండటానికి కారణం వేరు. నిమ్మజాతి పండు వాసన ప్రధానంగా ఉండేది తొక్కలోనే. దాన్ని నమిలి తినగల రూపంలో నెలల తరబడి నిలిపే పద్ధతుల్లో ఇది చాలా మేలైనది. ఈ పద్ధతికి కావలసిన ముఖ్య దినుసు కాలం. పని రోజుకు పావుగంటే, ఎదురుచూపు మాత్రం రోజుల తరబడి. అలాంటి పనికి ఫ్యాక్టరీ కన్నా ఇల్లే అనువైన చోటని నా వాదన.

తొక్కను వృథా సరుకుగా చూడటం ఈ కాలపు అలవాటు. రసం కోసమే పండు కొనేవాళ్లకు తొక్క అడ్డుగానే కనిపిస్తుంది. నిమ్మజాతి చరిత్ర చూస్తే ఈ వరస తలకిందులుగా ఉంటుంది. ఈ జాతులు పుట్టింది హిమాలయాల ఆగ్నేయపు దిగువ ప్రాంతాల్లో, అంటే తూర్పు అస్సాం, ఉత్తర మయన్మార్, పశ్చిమ యునాన్ పరిసరాల్లో అని 2018లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. వాటిలో పడమటి దేశాలకు మొదట చేరింది మాదీఫలం. ఆ కాయలో రసం నామమాత్రం, గుజ్జు కొంచెమే, మిగిలినదంతా దళసరి తొక్క. మధ్యధరా తీరం వాళ్లు దాన్ని పాకం పట్టడం నేర్చుకున్నది వృథా పోనివ్వకూడదని కాదు, ఆ కాయలో తినదగ్గది తొక్కే కాబట్టి. కోర్సికా దీవిలో కోసిన మాదీఫలాలను ఉప్పునీటి పీపాల్లో వారాల తరబడి ఊరనిచ్చి ఇటలీలోని లివోర్నో రేవుకు పంపేవారు. పాకం పట్టే పని అక్కడ జరిగేది. ఉప్పునీటిలో ఉన్నన్నాళ్లూ తొక్క కొద్దిగా పులిసి, మెత్తబడి, చేదు వదులుకుని, తీపి పీల్చుకోవడానికి సిద్ధమయ్యేది. అంటే పంచదార తగలడానికి ముందే సగం పని కాలమే చేసిపెట్టేదన్నమాట.

పాత పుస్తకాల్లోని సాక్ష్యమూ ఇదే చెబుతుంది. పారిస్‌కు చెందిన, పేరు తెలియని ఒక గృహస్థు తన చిన్న వయసు భార్యకు ఇంటి నిర్వహణ నేర్పడానికి 1393 ప్రాంతంలో రాసినట్టు చెప్పే 'లె మెనాజియే ద పారీ'లో నారింజ తొక్క తయారీ ఉంది. తొక్కను అయిదు ముక్కలు చేసి, లోపలి తెల్ల పొరను కత్తితో గీకి, తొమ్మిది రోజులు మంచినీళ్లలో నానబెట్టమంటాడు. మధ్యమధ్య నీళ్లు మార్చమంటాడు. ఆ తర్వాత ఒక పొంగు రానిచ్చి, ఆరబెట్టి, సన్నని సెగ మీద తేనెలో ఉడికించి, పొరల మధ్య శొంఠిపొడి చల్లమంటాడు. తేనె పాకానికి వచ్చిందో లేదో తెలుసుకోవడానికి నీళ్లలో చుక్క వేసి చూడమంటాడు. అరిసెల పాకం పట్టే మన ఇళ్లలో ఈ పరీక్ష ఎవరికీ కొత్త కాదు. జోస్యాలతో పేరుపడ్డ నోస్ట్రాడామస్ కూడా 1555లో అచ్చు వేయించిన మరో పుస్తకంలో పండ్లు పాకం పట్టే పద్ధతులు రాశాడు. నారింజ తొక్క అందులోనూ ఉంది. ఆయన సొంత ప్రాంతం ప్రొవాన్స్‌లోని ఆప్ట్ అనే ఊరు నేటికీ పాకం పట్టిన పండ్లకే ప్రసిద్ధి. ఈ వంటవాళ్లెవరికీ రసాయనశాస్త్రం తెలియదు. అయినా తొక్క దగ్గర తొందరపడవద్దనే పాఠం అందరూ చేసి చూసే నేర్చుకున్నారు.

ఆ పాఠం వెనక ఉన్న కారణాలు ఇప్పుడు మనకు తెలుసు. తొక్కలో రెండు పొరలు ఉంటాయి. పైన రంగున్న పలుచని పొరలో నూనె తిత్తులు ఉంటాయి. బత్తాయి తొక్కను మడిచి నొక్కితే చివ్వున చిమ్మేది ఆ నూనే. కమలా, నారింజ, బత్తాయిల తొక్క నూనెలో తొంభై శాతం వరకు లిమొనీన్ అనే పదార్థమే. కింద ఉండే మెత్తటి తెల్ల పొరకు సొంత రుచి తక్కువ, కానీ పీల్చుకునే గుణం ఎక్కువ. పాకాన్ని పట్టి ఉంచేది అదే. అందుకే తెల్ల పొర దళసరిగా ఉన్న దబ్బ, పంపరపనస, నారింజ ఈ పనికి మేలు. బత్తాయి పరవాలేదు. పలుచని వదులు తొక్క ఉండే కమలా త్వరగా బిరుసెక్కుతుంది. ఇక చేదు. పంపరపనస, నారింజల్లో దానికి ప్రధాన కారణం నరింజిన్. అది చన్నీళ్ల కన్నా వేణ్నీళ్లలో బాగా కరుగుతుంది. అందువల్ల తొక్కను చన్నీళ్లలో వేసి మరగనిచ్చి, ఆ నీళ్లు వార్చి, మళ్లీ కొత్త నీళ్లు పోయడం అనే పద్ధతి వచ్చింది. బత్తాయికి రెండు సార్లు చాలు. పంపరపనసకు, నారింజకు మూడు నాలుగు కావాలి. చేదు పూర్తిగా పోయేదాకా మరిగించడం మాత్రం తప్పు. ఆవిరితో పాటు వాసన నూనె కూడా పోతుంది, చివరికి తీపి తప్ప ఏమీ మిగలదు. నాలుక చివర కొద్దిపాటి చేదు తగిలితేనే ఆ తీపికి ఒక అందం.

ఇంట్లో ఎక్కువమంది చేసే పొరపాటు తర్వాతి మెట్టులో ఉంది. తొక్క పూర్తిగా మెత్తబడకముందే పంచదార వేస్తారు, పాకంలో ఎలాగూ ఉడుకుతుంది కదా అని. ఉడకదు. తొక్క కణాల గోడల్ని కలిపి ఉంచేది పెక్టిన్. మామూలు నీళ్లలో వేడి తగిలితే అది వదులై తొక్క మెత్తబడుతుంది. చిక్కని పంచదార, పులుపు తోడైతే అదే పెక్టిన్ గట్టిపడుతుంది. జామ్ గడ్డకట్టడానికి కారణమూ ఇదే. కాబట్టి పాకంలోకి వెళ్లేటప్పుడు తొక్క ఎంత గట్టిగా ఉంటే, ఎన్నాళ్లు ఉంచినా అంతే గట్టిగా ఉండిపోతుంది. వేలి గోరుతో నొక్కితే తెల్ల పొర తేలిగ్గా తెగాలి, ముక్క మాత్రం విరిగిపోకూడదు. అంతవరకు ఉడికాకే పంచదార డబ్బా మూత తీయాలి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువగా ఉన్న ఊళ్లలో తొక్క మెత్తబడటానికి మరింత సేపు పడుతుంది, ఎందుకంటే కాల్షియం కూడా పెక్టిన్‌ను బిగిస్తుంది. ఆగ్రా పేఠా చేసేవాళ్లు బూడిద గుమ్మడి ముక్కల్ని సున్నపు తేటలో నానబెట్టేది సరిగ్గా ఈ బిగువు కోసమే. అక్కడ కావలసిన గుణం ఇక్కడ అడ్డు.

ఇప్పుడు అసలు మెట్టు, పాకం. మెత్తగా ఉడికిన తొక్క నిండా నీళ్లే ఉంటాయి. దాన్ని ఒక్కసారిగా చిక్కని పాకంలో వేస్తే లోపలి నీళ్లు వేగంగా బయటికి వచ్చేస్తాయి. పంచదార అంత వేగంగా లోపలికి వెళ్లలేదు. ఫలితంగా తొక్క ముడుచుకుని తోలులా తయారవుతుంది. పలుచని పాకంతో మొదలుపెట్టి రోజుకు కొంచెం చిక్కబరుస్తూ పోతే నీళ్లు వెళ్లే వేగం, తీపి చేరే వేగం దాదాపు సమానంగా సాగుతాయి. ముక్క ఉబ్బి, అద్దంలా తేటపడుతుంది. మాగాయ పెట్టేవాళ్లకు ఈ పద్ధతి విడమరచి చెప్పక్కర్లేదు. ఉప్పులో ఊరిన మామిడి ముక్కల్ని పిండి, ఎండబెట్టి, మళ్లీ ఊటలో వేయడంలో ఉన్న ఓపికే ఇది, ఉప్పు చోట పంచదార ఉంటుందంతే. కొలతలు ఇలా పెట్టుకోవచ్చు. ఉడికించి వార్చిన తొక్క అర కిలో ఉంటే 400 మిల్లీలీటర్ల నీళ్లలో 300 గ్రాముల పంచదార కరిగించి, మరిగించి, ముక్కల మీద పోయాలి. ముక్కలు తేలకుండా పైన చిన్న పళ్లెం బోర్లించాలి. మర్నాడు ముక్కలు తీసి, పాకంలో 100 గ్రాముల పంచదార వేసి, నాలుగైదు నిమిషాలు మరిగించి, మళ్లీ పోయాలి. ఇలా ఆరు రోజులు. చలికాలంలో రోజుకోసారి చాలు. ఎండాకాలంలో మొదటి రెండు మూడు రోజులు పొద్దునా సాయంత్రమూ మరిగించకపోతే పలుచని పాకం పులిసిపోతుంది.

చివరి రోజున ముక్కల్ని పాకంతో పాటే సన్నని సెగ మీద ఉంచి, పాకం వేళ్ల మధ్య లేత తీగ సాగేదాకా చిక్కబరచాలి. థర్మామీటర్ ఉంటే 105 డిగ్రీల దగ్గర దించాలి. అప్పటికి పాకంలో పంచదార 70 శాతానికి చేరుతుంది. బూజుకూ, సూక్ష్మజీవులకూ దక్కే నీళ్లు అందులో బాగా తక్కువ కాబట్టే ఇది ఫ్రిజ్ లేని కాలంలోనూ నిలిచింది. ఇక్కడ ఒక చిక్కుంది. మామూలు గది వేడిలో నీళ్లు పట్టుకోగల పంచదార 67 శాతం వరకే. అంతకు మించినది పలుకులు కడుతుంది. దాన్ని ఆపడానికి చివరి మరుగులో అర చెంచా నిమ్మరసం పిండాలి. పులుపు పంచదారలో కొంత భాగాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొట్టి పలుకులు రాకుండా చూస్తుంది. మిఠాయి పాకంలో మన ఇళ్లలో నిమ్మచెక్క పిండేది ఇందుకే. ముందు రోజుల్లోనే పిండితే తొక్క బిరుసెక్కే ప్రమాదం ఉంది. తర్వాత ముక్కల్ని జల్లెడ మీద పరిచి ఒకటి రెండు రోజులు ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. కాకినాడ, విశాఖల్లాంటి తేమ ఊళ్లలో పంచదార అద్దిన ముక్కలు చెమ్మగిల్లుతాయి. అక్కడ పాకంతోనే సీసాలో ఉంచడం మంచిది.

ఇంత శ్రమ దేనికి, బజారులో టూటీ ఫ్రూటీ దొరుకుతుంది కదా అనే ప్రశ్న సహజం. మన దగ్గర ఆ పేరుతో అమ్మే ఎరుపు, ఆకుపచ్చ ముక్కలు చాలావరకు పచ్చి బొప్పాయివి. వాటికి తీపి, రంగు ఉంటాయి, నారింజ వాసన ఉండదు. కేకులో వాటి పని కళ్లకు కనబడటం వరకే. తొక్క పాకానికి ఇటలీ ఏకంగా చట్టంలోనే చోటిచ్చింది. మిలాన్ క్రిస్మస్ రొట్టె పనెతోనేకు ఆ పేరు పెట్టాలంటే ఎండుద్రాక్ష, పాకం పట్టిన నిమ్మజాతి తొక్క కలిపి 20 శాతానికి తగ్గకూడదని 2005 నాటి ఉత్తర్వు చెబుతుంది. నిజమైన తొక్కతో చేసిన సరుకు కూడా అమ్ముతారు. కానీ వ్యాపారంలో రోజులకు ఖరీదు ఉంటుంది కాబట్టి తొందరపెట్టే యంత్రాలు, రంగు నిలిపే మందులు వాడక తప్పదు. ముక్కలు కూడా కేకు కోసం మరీ చిన్నవిగా తరిగేస్తారు, అందువల్ల వాసన త్వరగా ఆరిపోతుంది. ఇంట్లో గిన్నె ఒక మూల వారం ఉన్నా దానికి అద్దె లేదు.

గంటలో చేసే పద్ధతులు కూడా ఉన్నాయి, అవి చాలవా అని మరికొందరు అడుగుతారు. అగ్గిపుల్లంత సన్నగా తరిగిన బత్తాయి తొక్కకు అవి సరిపోతాయి, ఎందుకంటే తీపి ప్రయాణించాల్సిన దూరం తక్కువ. వేలి మందం ఉన్న పంపరపనస తొక్క మీద అదే పద్ధతి ప్రయోగిస్తే పైన పంచదార, లోపల పీచు మిగులుతాయి. పంచదార ఎక్కువ అనే అభ్యంతరం మాత్రం నిజమే, దాన్ని దాచకూడదు. ఇది దోసెడు తినే మిఠాయి కాదు. అయిదు గ్రాముల ముక్కలో తీపి చెంచాడు లోపే. రవ్వకేసరిలోనో సేమ్యా పాయసంలోనో రెండు ముక్కలు సన్నగా తరిగి వేస్తే గిన్నె మొత్తానికి వాసన వస్తుంది. మిగిలిన పాకం షర్బత్‌కు పనికొస్తుంది. తొక్కలో విటమిన్ సి దండిగా ఉంటుంది కాబట్టి ఇది ఆరోగ్యకరమని ప్రచారం చేయడం మాత్రం సరికాదు. మూడు నాలుగు సార్లు మరిగించి వార్చాక ఆ విటమిన్ చాలావరకు పోతుంది. మధుమేహం ఉన్నవాళ్లకు ఇది తగదు. అన్నింటికన్నా గట్టి అభ్యంతరం పురుగుమందులది. పైన మైనం పూసి, ఇమజలిల్ లాంటి బూజు మందు పట్టించిన దిగుమతి నారింజల తొక్క ఎంత కడిగినా, ఎంత మరిగించినా పూర్తిగా శుభ్రమవుతుందని నమ్మలేం. అందువల్ల పండు ఎంపికే ఈ వంటలో మొదటి మెట్టు. పెరటి చెట్టు కాయో, మందు కొట్టలేదని రైతు చెప్పగలిగిన కాయో దొరకనప్పుడు ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది.

ఇది మన వంట కాదనే మాట చివరిది, బలహీనమైనది కూడా. నిమ్మజాతి పండ్లు ఇక్కడి నుంచే పడమటికి వెళ్లాయి. చెరకు రసాన్ని పలుకులుగా మార్చే విద్యా భారతదేశం నుంచే వెళ్లింది. నిమ్మ, దబ్బ ఊరగాయల్లో తొక్కను నెలల తరబడి ఉప్పులో మాగనిచ్చి తినడం తెలుగువాళ్లకు తరతరాల అలవాటు. ఉసిరి మురబ్బా ఉత్తరాది నుంచి వచ్చి మన ఇళ్లలో కలిసిపోయింది. అనంతపురం, నల్గొండ బత్తాయి తోటల నుంచి వచ్చే కాయల తొక్కలు రసం బండ్ల పక్కన రోజూ గుట్టలుగా పడి ఉంటాయి. మనకు తక్కువైనది పండూ కాదు, ఓపికా కాదు. ఆవకాయకూ మాగాయకూ రోజులు లెక్కపెట్టగలిగిన ఇల్లు దీనికీ లెక్కపెట్టగలదు. చలికాలంలో గాలి పొడిగా ఉంటుంది, దబ్బ, పంపరపనస దొరుకుతాయి. మందు కొట్టని కాయలు రెండు సంపాదించి, అర కిలో తొక్కకు మించకుండా మొదలుపెట్టండి. మొదటి రోజు గోరుతో నొక్కి చూసే పరీక్ష మానవద్దు, ఆరో రోజు దాకా పాకాన్ని తొందరపెట్టవద్దు.