ముందు కొలత, తర్వాతే కొనుగోలు

పాత మజిల్ కారు ఇంజిన్‌ను మళ్లీ కొత్తగా కట్టడానికి ఎంతవుతుందో, దాన్ని విప్పి కొలిచేదాకా కచ్చితంగా తేలదు. అందుకే మంచి బడ్జెట్ ఒక్కసారిగా వేసేది కాదు. పని ఒక్కో దశ దాటుతున్న కొద్దీ దాన్ని సరిదిద్దుకుంటూ పోవాలి.

1960లలో, 70ల తొలి ఏళ్లలో అమెరికన్ కంపెనీలు మధ్యతరహా బండ్లలో పెద్ద వీ-8 ఇంజిన్లు బిగించి అమ్మిన కార్లే మజిల్ కార్లు. షెవ్రొలే 350 ఆ ఇంజిన్లలో బాగా పేరున్నది. 1967 మోడల్ కమారోతో వచ్చిన దీని సామర్థ్యం సుమారు 5.7 లీటర్లు. దశాబ్దాలపాటు లక్షల్లో తయారైంది కాబట్టి దీని విడిభాగాలు చవకగా దొరుకుతాయి. అదే పనికి పాంటియాక్ 400 అయితే ఖర్చు పెరుగుతుంది. క్రైస్లర్ 426 హెమీ అయితే దాని లెక్కే వేరు.

మొదట తేల్చుకోవాల్సింది ఉద్దేశం. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తీరులోనే ఉంచాలా, రోజూ నడపాలా, శక్తి పెంచాలా? శక్తి పెంచితే క్లచ్, రేడియేటర్, వెనుక యాక్సిల్ కూడా దాన్ని తట్టుకోవాలి. బిల్లు ఇంజిన్‌తో ఆగదు. కారుకు పుట్టుకతో వచ్చిన ఇంజిన్ కాకపోతే, కంపెనీ కొత్తగా కట్టి అమ్మే క్రేట్ ఇంజిన్ ధరతో పోల్చి చూడాలి. సొంత ఇంజినే అయితే దాని నంబర్లకు విలువ ఉంటుంది. 350లో ఆ నంబర్లు కుడి సిలిండర్ హెడ్‌కు ముందున్న చిన్న చదునైన చోట కొట్టి ఉంటాయి. బ్లాకు పైముఖాన్ని చదును చేసేటప్పుడు అవి చెరిగిపోవచ్చు. వాటిని కాపాడాలని మెషిన్ షాపుకు ముందే రాసివ్వాలి.

ఇంజిన్ దించకముందే కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్షలు చేయించాలి. పొగకు కారణం వాల్వ్ సీళ్లే అయితే మొత్తం విప్పే పనే ఉండదు. విప్పాల్సి వస్తే మెయిన్ క్యాపులు, కనెక్టింగ్ రాడ్లు ఏ స్థానంలోవి ఆ స్థానానికే తిరిగి వెళ్లేలా గుర్తులు పెట్టాలి. సిలిండర్ పైఅంచు కింద గోరుతో గీసి చూస్తే సన్నని మెట్టు తగులుతుంది. పిస్టన్ రింగులు కదిలినంత మేర గోడ అరిగిందనడానికి అదే ఆనవాలు. ఆ మెట్టు ఎంత పెద్దదైతే బోరింగ్, అంటే సిలిండర్ లోపలి వ్యాసాన్ని కాస్త పెంచడం, అంత తప్పనిసరి.

బ్లాకును వేడి రసాయనంలో కడిగి, అయస్కాంత పొడితో పగుళ్లు వెతికాకే మిగతా ఖర్చు పెట్టాలి. పగిలిన బ్లాకు మీద పెట్టిన ప్రతి డాలరూ వృథా. ఆ తర్వాతే కొలతలు. 4 అంగుళాల బోరును 30 థౌ పెంచితే, అంటే అంగుళంలో వెయ్యో వంతులు 30 పెంచితే, 350 ఘన అంగుళాల ఇంజిన్ కాస్తా 355 అవుతుంది. క్రాంక్ జర్నల్‌ను 10 థౌ అరగదీస్తే బేరింగులూ ఆ సైజువే కావాలి. కొలతలు రాకముందు పిస్టన్లు, బేరింగులు కొనడమే ఈ పనిలో డబ్బు పోగొట్టుకునే దగ్గరి దారి.

హెడ్‌ల విషయంలో పెట్రోలునూ లెక్కలోకి తీసుకోవాలి. అమెరికా రోడ్లపై నడిచే బండ్లకు సీసం కలిపిన పెట్రోలును 1996లో పూర్తిగా నిషేధించారు. సీసం లేని పెట్రోలుతో, గట్టిపరచని పాత ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు ఎక్కువ భారం మీద త్వరగా అరుగుతాయి. గట్టి సీట్లు వేయించే ఖర్చు పట్టికలో ఉండాలి. 1969 నాటి 300 హార్స్‌పవర్ 350 కంప్రెషన్ 10.25:1. నేటి బంకు పెట్రోలుకు అది ఎక్కువ కావచ్చు కాబట్టి, దానికి తగ్గట్టు పిస్టన్లను ఎంచుకోవాలి.

బడ్జెట్ పట్టికకు నాలుగు పద్దులు చాలు: మెషిన్ పని, విడిభాగాలు, ఇంజిన్ బయట ఉండగానే మార్చాల్సిన వాటర్ పంపు, గొట్టాలు, మౌంటుల వంటివి, ఆపైన అనుకోని వాటికి మొత్తంలో ఐదో వంతు. బోరింగ్, బ్యాలెన్సింగ్, బేరింగులు, ఆయిల్ పంపుల దగ్గర పొదుపు పనికిరాదు. క్రోమ్ మూతలు తర్వాతైనా వస్తాయి. మెషిన్ షాపులో వంతు కోసం ఆగే వారాలనూ లెక్కలో రాసుకోవాలి.

బిగింపు అయ్యాక ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ ఉన్న ఇంజిన్‌ను జింక్, ఫాస్ఫరస్ తగినంత ఉన్న నూనెతో స్టార్ట్ చేయాలి. ఐడిల్‌లో వదలకుండా 20 నుంచి 30 నిమిషాలు 2,000 ఆర్‌పీఎం దరిదాపుల్లో నడపాలి. ఆ తర్వాత నూనె, ఫిల్టర్ మార్చాలి. ఈ నూనె ఖర్చు కూడా బడ్జెట్‌లోదే. బిల్లులతో పాటు ప్రతి బోరు, ప్రతి జర్నల్ కొలతనూ ఫైలు చేసి ఉంచితే తర్వాతి మెకానిక్‌కు ఏ సైజు భాగం తేవాలో వెతుక్కునే పని ఉండదు.