గుండమ్మ కథ: వేషము, శ్రమ, ప్రణయము

అంతస్తుల యంతరమును ప్రణయముచే దాటించుట హాస్యరూపకములకు చిరపరిచితమైన యితివృత్తము. గ్రెగరీ లా కావా 1936లో తీసిన 'మై మాన్ గాడ్‌ఫ్రే' చిత్రమున, ధనికుల యింట బట్లరుగా చేరినవాడు తుదకు సంపన్న వంశీయుడని తేలును. తెలుగున నీ కల్పనకు మిక్కిలి సమీపమైనది 1962 జూన్ 7న విడుదలయిన విజయావారి 'గుండమ్మ కథ'. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు, సంభాషణకర్త డి.వి. నరసరాజు.

దీనికి మూలము బి. విఠలాచార్య దర్శకత్వమున 1958లో వెలువడిన కన్నడ చిత్రము 'మనె తుంబిద హెణ్ణు'. కన్నడ మిరుగుపొరుగు భాషయైన హిందూపురమువారికి గుండమ్మ యను పేరు వింతగా తోచదు. అంజి పాత్రధారి నందమూరి తారకరామారావు 1985, 1989, 1994 ఎన్నికలలో ఆ హిందూపురమునుండియే శాసనసభకు ఎన్నికయ్యెను. కావున పెనుకొండ, ధర్మవరముల పరిసరమున నీ చిత్రప్రసంగము వచ్చినపుడు నాయకాభిమానము విమర్శను కప్పివేయుట సహజము. దానిని ప్రక్కనుంచి యడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: ఈ కథలో నిజముగా నెవరైనను వర్గమును దాటిరా?

దాటలేదనియే చెప్పవలెను. అంజి, రాజా లిరువురును ధనికుడైన రామభద్రయ్య కుమారులు. లక్ష్మి దాసివలె బ్రతికినను ఆ యింటి బిడ్డయే. ముసుగులు తొలగినంతనే అందరును ఒక్క మెట్టుపై నిలుతురు. వేషము మారినదే కాని వర్గము మారలేదు.

ఐనను ఇంతమాత్రమున చిత్రమును త్రోసివేయరాదు. అంజి లక్ష్మి సరసన కూర్చుండి పిండి రుబ్బు ఘట్టమును పరికింపుడు. ఇంటిచాకిరి యాడుదాని పాలిటిదే యను నిశ్చయమును అచట హాస్యము మెల్లగా కదలించినది. అంజి సేవకత్వము కృత్రిమము. అతని చేతిలోని పొత్రపు బరువు కృత్రిమము కాదు. పని పంచుకొనుటయే యచట ప్రణయభాషణము.

రెండవ జంట విషయమున నీ సూత్రము తలక్రిందులైనది. వివాహానంతరము రాజా తాను పేదవాడనని నమ్మించి సరోజచే తోటపని చేయించును. లక్ష్మికి పంచుకొనిన శ్రమ ప్రేమ. సరోజకు విధింపబడిన శ్రమ దండనము. సరోజ గర్వమునకు శిక్ష కలదు, రాజా వంచనకు లేదు. జమున నటనావైదగ్ధ్యము ఈ లోపమును కొంత మరుగుపరచినది కాని తీర్చలేదు.

ధర్మవరపు పట్టుచీరలో కట్టినవారి కలిమి కానవచ్చును, గుంతమగ్గమున కూర్చున్న నేతగాడు కానరాడు. ఈ కథాంతమును అట్టిదే. గాడ్‌ఫ్రే తనతో చెత్తకుప్పలచెంత బ్రతికిన నిర్భాగ్యులను మరువక వారికి జీవనోపాధి కల్పించును. అంజి కట్టి తోడివారే కథలో లేరు. అతడు వేషము విప్పినంతనే పనివాని స్థానము శూన్యమగును.

కావున 'గుండమ్మ కథ'ను వర్గభేదమును జయించిన ప్రణయగాథగా కీర్తించుట కంటె, రుబ్బురోటి యొద్ద స్త్రీపురుషులను సమానముగా కూర్చుండబెట్టిన హాస్యచిత్రముగా గౌరవించుట యుచితము. దాని విజయ మా వంటయింటిలోనే యున్నది.