గీతలో ఉన్న రుచి

తాటికల్లు తెల్లగా ఉంటుందని అందరికీ తెలుసు. చెట్టు నుంచి కారేటప్పుడు మాత్రం దానికి రంగు లేదు. తేటగా, అడుగు కనిపించేంత నిర్మలంగా చుక్క చుక్కగా ముంతలోకి దిగుతుంది. ముంత గోడలకు అంటుకుని ఉన్న, గాలిలోంచి వచ్చి చేరిన ఈస్టులు, బాక్టీరియాలు అందులో కోట్లుగా పెరిగి ఆ రసాన్ని పాలరంగుకు తిప్పుతాయి. మనం కల్లు తెలుపు అనుకునేది ఆ ప్రాణుల తెలుపు. ఒక గుక్క తాగినప్పుడు నాలుక మీదికి వచ్చేది ఇంకా ఆగని పని. సీసాలో పెట్టి బిరడా బిగిస్తే అది పొంగి బయటికి తన్నుకొస్తుంది. మరగబెట్టి ఆపితే కల్లు కాకుండా పోతుంది.

రాజమహేంద్రవరంలో ఉండేవాళ్లకు ఒక అదృష్టం ఉంది. కిందికి డెల్టా వైపు వెళ్తే చేలగట్ల మీద, కాలవగట్ల మీద తాళ్లు. పైకి కోరుకొండ, గోకవరం దాటి రంపచోడవరం ఏజెన్సీలో అడుగుపెడితే జీలుగు చెట్లు. ఒకటి ఒండ్రునేల రసం, ఇంకొకటి కొండవాలు రసం. ఒకే రోజున రెండూ రుచి చూడగలిగిన ఊళ్లు మనకు ఎక్కువ లేవు. అయినా ఈ రెంటి గురించి మన దగ్గర ఉన్న మాటలు ఎన్ని? ఎక్కింది, ఎక్కలేదు, పుల్లగా ఉంది, తియ్యగా ఉంది. అంతటితో సరి.

వైన్‌కు దక్కిన మర్యాద వేరు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో ఆన్ నోబుల్ అనే శాస్త్రవేత్త 1980ల్లో వైన్ వాసనలన్నిటినీ ఒక చక్రంలో పేర్చారు. పళ్ల వాసన అంటే ఏ పండు, పువ్వు వాసన అంటే ఏ పువ్వు, మట్టి వాసన అంటే ఏ మట్టి అని విడదీసి చెప్పుకోవడానికి అది పనికొచ్చింది. ఆ పని చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. అలాంటి శ్రద్ధలో కొంతైనా మన ముంత మీద పెట్టాలని ఈ వ్యాసం. మత్తు గురించి నేను మాట్లాడబోవడం లేదు. మాట్లాడేది పనితనం గురించి. కల్లు రుచిలో సగం చెట్టుది, సగం గీసినవాడి చేతిది.

ముందు కత్తి. వెడల్పైన పల్చటి అలుగు. చెట్టెక్కే ముందు చెక్క మీద సన్నటి రాతిపొడి చల్లి అటూ ఇటూ రాసి పదును పెడతారు. కట్టెలు కొట్టే కత్తికీ దీనికీ పోలికే లేదు, దీన్ని మరో పనికి వాడనివ్వరు కూడా. ఎందుకంటే ఇది కోయాల్సింది మొద్దును కాదు, లేత పూకాడ చివరను. అలుగు మొద్దుబారితే కాడ తెగడానికి బదులు నలుగుతుంది. నలిగితే లోపలి నాళాలు మూసుకుపోతాయి. చుక్క ఆగిపోతుంది.

కత్తి పట్టేలోపు చాలా పని ఉంటుంది. తాటిలో పోతు, పెంటి వేరువేరు చెట్లు. చలికాలంలో పోతుతాళ్లు, ఎండలు ముదిరేకొద్దీ పెంటితాళ్లు గీతకు వస్తాయి. పువ్వు విచ్చుకోకముందే పట్టుకోవాలి. పోతుతాటి పూకాడలను కలిపి కట్టి, రెండు కర్రల మధ్య పెట్టి, మొదలు నుంచి కొసదాకా నొక్కుకుంటూ వస్తారు. ఇలా వరసగా కొన్ని రోజులు. గట్టిగా నొక్కితే కాడ కమిలి కుళ్లుతుంది. మెత్తగా నొక్కితే రసం కదలదు. పూత కోసం చెట్టు పైకి పంపే చక్కెర అంతా ఆ కాడలోకి చేరుతూ ఉంటుంది. దాన్ని చెట్టుకు హాని లేకుండా బయటికి రప్పించడమే ఈ నొక్కుడు. ఎంత బలం అన్నది ఏ కొలతా చెప్పదు, అరచేతికి తెలియాలి.

ఆ తర్వాతే గీత. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, కాడ కొసన ఒక పల్చటి పొర తీస్తారు. దగ్గర నుంచి చూస్తే ఇదే అసలు విద్య అనిపిస్తుంది. పొర మందమైతే గెల తొందరగా కరిగిపోతుంది, నెలకు పైగా రావాల్సిన చెట్టు రోజుల్లో ఆగిపోతుంది. మరీ పల్చనైతే నిన్నటి గాయం మీద కట్టిన పొర పూర్తిగా పోదు, నాళాలు తెరుచుకోవు. ఈ రెంటి మధ్య ఉన్న సందు వెంట్రుకవాసి. అది కూడా నేల మీద నిలబడి చేసే పని కాదు. 60 అడుగుల పైన, నడుముకు మోకు, కాళ్లకు బందం, ఒక చేత్తో మట్టను తొలగిస్తూ ఇంకో చేత్తో గీయాలి. పది చెట్లున్న మనిషి రెండు పూటలకు కలిపి ఇరవైసార్లు ఎక్కి ఇరవైసార్లు దిగుతాడు. ద్రాక్షతోట రైతుకు కోత ఏడాదికి ఒకసారి. గీసేవాడికి రోజుకు రెండు కోతలు, ప్రతి కోతలోనూ ప్రాణం మోకు మీదే.

ఇక ముంత. దీని గురించి తాగేవాళ్లు అడగరు, అడగాలి. ముంతను ఎంత కడిగారన్న దాన్ని బట్టి కల్లు నడక మారిపోతుంది. శుభ్రంగా కడిగి ఎండలో ఆరబెట్టిన ముంతలో రసం చాలాసేపు తియ్యగానే ఉంటుంది. పాత కల్లు చెమ్మ కాస్త మిగిల్చిన ముంతలో పులుపు చెట్టు మీదే మొదలవుతుంది. లోపల సున్నం పూసి కడితే పులియడం చాలావరకు ఆగుతుంది, అది నీరా. తాటిబెల్లం వండేది ఆ రసంతోనే. వైన్ చేసేవాళ్లు ఏ ఈస్టు వాడాలా అని ప్రయోగశాలల్లో ఎంపిక చేసుకుంటారు. గీసేవాడు ఆ ఎంపికను పీచుతో ముంత తోమే చేత్తో చేస్తాడు.

పొద్దున దించిన ముంతలో ఏముందో ఒకసారి ఆలోచించండి. సాయంత్రం గీత గీశాక పడిన తొలి చుక్క వయసు దాదాపు పన్నెండు గంటలు. దించేముందు పడిన చుక్క వయసు నిమిషం. ఈ మధ్యలో ఉన్న అన్ని వయసులూ ఆ ఒక్క ముంతలో కలిసి ఉన్నాయి. తెల్లవారి కల్లులో తీపి, పులుపు ఒకదాని వెనక ఒకటి వచ్చే గుణం ఇక్కడి నుంచే వస్తుంది. చలిరాత్రి పులియడం నెమ్మదిస్తుంది కాబట్టి పుష్యమాసపు కల్లులో తీపి నిలుస్తుంది. ఏప్రిల్ ముంతలో తెల్లవారకుండానే పులుపు తల ఎత్తుతుంది. అందుకే నా ఓటు చలికాలానికి.

సూర్యోదయానికి దింపిన పోతుతాటి కల్లును నోట్లో నిలిపి చూస్తే ముందు తీపి తగులుతుంది. తాజా రసంలో చక్కెర నూటికి పది పన్నెండు పాళ్లు ఉంటుంది కనుక ఆ తీపి మొహమాటం లేనిది. ఐతే చెరకు రసంలా నాలుకను కప్పేయదు, పక్కకు జరిగి చోటిస్తుంది. ఆ చోటులోకి నాలుక చివర చిమచిమ వస్తుంది, పులిసేటప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్ అది. వాసనలో ముంజె నీళ్ల చల్లదనం, కాల్చని తేగ లోపలి పచ్చిదనం, చాలా కొద్దిగా బియ్యం కడుగు. మింగాక నోరు పొడిబారదు. ఇది మొదటి దశ.

తొమ్మిది, పది గంటలకు అదే ముంత వేరే మనిషవుతుంది. చక్కెర తగ్గి ఆల్కహాల్ పెరుగుతుంది. ల్యాక్టిక్ ఆమ్లం చేసే బాక్టీరియా పులుపును ముందుకు తెస్తుంది, పెరుగుకు పులుపిచ్చేది కూడా ఇదే ఆమ్లం. అందుకే ఈ దశలో కల్లుకు ఒక కమ్మదనం, కాస్త చిక్కదనం ఉంటాయి. నురగ సన్నగా, ఆగకుండా వస్తుంది. నా లెక్కలో కల్లుకు మంచి గడియ ఇదే. తీపి ఇంకా పోలేదు, పులుపు ఇంకా పెత్తనం తీసుకోలేదు. కారంగా వండిన ఎండురొయ్యల ఇగురుతో దీనికి కుదిరినంత జత మరొకటి చూడలేదు.

మధ్యాహ్నానికి నురగ ముతకబారుతుంది. తీపి వెనక్కి పోయి వగరు, ఘాటు మిగులుతాయి. వాసనలో లేశమాత్రం కోడిగుడ్డు చాయ కనిపించవచ్చు. చాలామంది దాన్ని మురికి అనుకుని ముఖం తిప్పుకుంటారు. అలాంటి వాసన తేగల జైమోమోనాస్ అనే బాక్టీరియా కల్లులోనూ, మెక్సికోవాళ్లు కిత్తనార జాతి మొక్క నుంచి తీసే పుల్కేలోనూ చురుగ్గా పనిచేస్తుంది. ఆపిల్ రసం పులియబెట్టే ఇంగ్లండువాళ్లు ఇదే బాక్టీరియా తెచ్చే వాసనను సైడర్‌కు పట్టిన జబ్బుగా లెక్కేస్తారు. కల్లులో అది మితంగా ఉన్నంతవరకు ఒక లక్షణం, మితిమీరితే లోపం. సాయంత్రానికి ఆల్కహాల్ సాధారణంగా నూటికి నాలుగైదు పాళ్లకు చేరుతుంది. మర్నాటికి ఎసిటిక్ ఆమ్లం పుట్టి వెనిగర్ దారి పడుతుంది. మంచి వైన్ ఇరవై ఏళ్లలో మారే మార్పును కల్లు ఒక్క పగటిలో చూపిస్తుంది. ఏళ్లవారీ సీసాలను వరసగా పెట్టి రుచి చూసే అలవాటున్నవాళ్లు ఒకే ముంతను మూడు పూటలా రుచి చూస్తే చాలు, అంత పాఠమూ అందులో ఉంది.

పెంటితాటి కల్లు నాకు ఇంకాస్త చిక్కగా, వగరుగా తోస్తుంది. ఈతకల్లు గురించి ఒక్క మాట. దాన్ని పూకాడ నుంచి కాకుండా తలకింద కాండాన్నే చెక్కి తీస్తారు, ఒక ఏడు ఒక వైపు, మరో ఏడు రెండో వైపు. ఆ గాట్ల వల్ల ఈతచెట్టు వంకరటింకరగా పెరుగుతుంది. చెట్టును చూసి ఎన్నేళ్లు గీశారో లెక్కపెట్టవచ్చు.

జీలుగు దగ్గర ఆగాలి. గోకవరం దాటి కొండలు మొదలయ్యాక, చేపతోకలాంటి ఆకులతో నిలువుగా ఎదిగిన చెట్టు అది. శ్రీలంకలో కితుల్ అని బెల్లంపాకం తీసేదీ ఈ చెట్టు నుంచే. దీని జీవితం విచిత్రం. ఏళ్ల తరబడి పూయకుండా కాండంలో పిండిపదార్థం దాచుకుంటుంది. పూయడం మొదలుపెట్టాక మొదటి గెల తల దగ్గర, తర్వాతివి ఒకటొకటిగా కిందికి. చివరి గెల అయిపోయాక చెట్టు చనిపోతుంది. అంటే జీలుగుకల్లు తాగడమంటే చెట్టు జీవితమంతా కూడబెట్టింది తాగడం. పెద్ద పూగుత్తి కాబట్టి రసమూ ఎక్కువే, మంచి చెట్టు రోజుకు బిందెడు ఇస్తుంది. గీసే కొండరెడ్లు చాలాచోట్ల మోకుకు బదులు వెదురుబొంగును చెట్టుకు కట్టి, కణుపుల దగ్గర వదిలిన కొమ్మమొదళ్ల మీద కాలుపెట్టి ఎక్కుతారు. ఎండిన ఆనపకాయ బుర్రలో కల్లు దించుతారు. బుర్రలోంచి పోసుకున్న జీలుగుకల్లులో తాటికల్లుకు లేని గుండ్రదనం ఉంది. తీపి లోతుగా, నెమ్మదిగా వస్తుంది, పులుపు అంచు మెత్తగా ఉంటుంది, చివర పచ్చి కలప వాసన నిలుస్తుంది. రెంటినీ పక్కపక్కన పెడితే నాకు జీలుగే ఒక మెట్టు పైన.

ఈ రుచి కోసం యుద్ధం జరిగిన నేల ఇది. రంపలో స్థానిక పాలకుడైన మన్సబుదారు కల్లు మీద చిగురుపన్ను వసూలు చేసేవాడు. 1870ల చివర బ్రిటిష్ ప్రభుత్వపు కొత్త అబ్కారీ నిబంధనలు ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్ని కూడా అడ్డుకున్నాయి, కల్లు రాబడి గుత్తదార్ల చేతిలోకి పోయింది. 1879 మార్చిలో రంప తిరగబడింది. అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు కంటే నలభై ఏళ్ల ముందటి మాట. కరువు నెలల్లో జీలుగు కాండంలోని పిండిని గంజి కాచుకుని, గెల నుంచి కల్లు తీసుకుని బతికే జనానికి ఆ చెట్టు మీద పన్ను అంటే అన్నం మీద పన్ను. 1945లో వచ్చిన ‘ద రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’లో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఈ కొండల్లోని రెడ్ల బతుకునే వివరంగా నమోదు చేశాడు. ఆ బతుకులో జీలుగు ఎంత పెద్దదో అక్కడ కనిపిస్తుంది.

రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉద్యాన పరిశోధన స్థానం తాటి మీద, నీరా మీద పనిచేస్తోంది. అది మంచి పని. కానీ గీసే చేతులు తగ్గిపోతున్నాయి. పడి నడుం విరిగినవాళ్లు ప్రతి గీత ఊళ్లోనూ ఉన్నారు, వాళ్ల పిల్లలు మోకు పట్టడం లేదు. వాళ్లను తప్పుపట్టలేం. దాని కంటే నాకు కోపం తెప్పించేది మందు కల్లు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం నీళ్లలో కలిపి తెల్లరంగు తెప్పించి అమ్మేవాళ్లు మనుషులను చంపుతున్నారు, గీసేవాడి పేరునూ చంపుతున్నారు. నోటికి శిక్షణ ఉన్న మనిషి దాన్ని ఒక్క గుక్కలో అనుమానిస్తాడు. దానిలో చిమచిమ ఉండదు, ముంజె వాసన ఉండదు, పూట మారినా రుచి మారదు. మందు కల్లు రోజంతా ఒకేలా ఉంటుంది, చెట్టు కల్లు అలా ఉండలేదు.

తాగే అలవాటున్నవారికి ఒక మనవి. ఈ చలికాలం ఎనిమిదిలోపు వెళ్లండి. దుకాణంలో సీసా అడగకుండా, లైసెన్సు ఉన్న గీత కార్మికుడి దగ్గరికి, చెట్టు కిందికే వెళ్లండి. పోతా పెంటా అని అడగండి, ముంత ఎలా కడిగారో అడగండి. ఒక దొప్ప మాత్రం పోయించుకుని మింగకుండా కాసేపు నిలపండి. అడిగినదానికి రూపాయి తగ్గించకుండా ఇచ్చిరండి.