కట్టేసిన మాస్టారు, ఊరి మాస్టారు

పల్లె బడిలో ఏళ్ల తరబడి ఉండిపోయిన మాస్టారంటే మనవాళ్లు త్యాగం దగ్గర మొదలుపెడతారు. నాకు ఆ మాట మీద గురి లేదు. మనిషి నిలవాలంటే ఏర్పాటుండాలి. ఆ ఏర్పాటు రెండు ప్రభుత్వాలు రెండు తీరుల్లో చేశాయి.

ఢిల్లీ రాజధాని ప్రాంతంలోనిదే హర్యానాలోని నూహ్ జిల్లా. 2016 దాకా దాని పేరు మేవాత్. 2011 జనాభా లెక్కల్లో ఆడవాళ్ల అక్షరాస్యత 37 శాతమైనా లేదు. ఆనుకునే ఉన్న గురుగ్రామ్‌లో 78కి దగ్గర. వచ్చిన టీచర్లు బదిలీ చేయించుకుపోతుంటే హర్యానా 2012లో మేవాత్‌కు విడి కేడర్ పెట్టింది. ఇక్కడ చేరితే జిల్లా దాటే దారి ఉండకూడదని లెక్క. సర్వీసును కట్టేశారు సరే, కాపురాన్ని కట్టేయలేరు కదా! సోహ్నా మీదుగా గురుగ్రామ్ ఎంతో దూరం కాదు. చివరి గంట కొట్టగానే బస్సెక్కే మాస్టారికి బడి తెలుస్తుంది, పిల్ల ఎందుకు మానేసిందో తెలియదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీలో లెక్క వేరు. 2000 జనవరిలో వచ్చిన జీవో 3 అక్కడి టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. కాపురం ఉన్నచోటే ఉద్యోగం. మొదటిరోజు బడికొచ్చిన సవర పిల్ల దాహమని తన భాషలో అంటే వెంటనే అందుకునే మనిషి ఎదురుగా ఉంటాడు. 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టినప్పుడు పనికొచ్చింది ఇలాంటివాళ్లే.

ఊరివాడైతే చాలు రోజూ బడికొస్తాడని మాత్రం అనుకోవద్దు. 2003 నాటి ప్రపంచ బ్యాంకు సర్వేలో దేశంలో నలుగురు టీచర్లలో ఒకరు బడిలో లేరు. స్థానికులకూ బయటివారికీ అందులో పెద్ద తేడా కనిపించలేదు. చేరడం కష్టమైన కేటగిరీ 4 ఊళ్లలో ఏడాదికి 5 బదిలీ పాయింట్లిచ్చే ఆంధ్రా పద్ధతి మాటకొస్తే, అవి పోగేసేది బయటపడటానికే.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో 3ను కొట్టేసింది, అప్పటికే చేరినవారిని షరతులతో ఉంచింది. నూరు శాతం రిజర్వేషన్ ఎక్కువేననుకుందాం. పిల్లల భాష వచ్చినవారినే వేయాలన్న షరతుకు ఏ శాతమూ అడ్డురాదు. నా ఓటు ఏజెన్సీ పద్ధతికే. హర్యానా కూడా మేవాతీ మాట్లాడే ఆడపిల్లల్ని టీచరు శిక్షణ ఇప్పించి, సొంత బ్లాకులోనే పోస్టింగ్ ఇవ్వాలి.