లొరెంజో నూనె: చిత్రము చెప్పినది, చెప్పనిది

జార్జి మిల్లర్ దర్శకత్వమున 1992లో వెలువడిన ‘లొరెంజోస్ ఆయిల్’ అను చలనచిత్రము ఒక అరుదైన వంశపారంపర్య వ్యాధిని గూర్చినది. దాని పేరు అడ్రినోల్యూకోడిస్ట్రఫీ. మిక్కిలి పొడవైన కొవ్వు ఆమ్లములు దేహములో విచ్ఛిన్నము కాక పేరుకొనును. కొందరు బాలురలో మెదడునందలి నరముల పైతొడుగు నశించును. లొరెంజో ఒడోన్ అను బాలునికి ఈ వ్యాధి కలదని 1984లో తేలినది. వైద్యులు కాని అతని తలిదండ్రులు గ్రంథాలయములలో శోధించి ఒక నూనె మిశ్రమమును సాధించుటయే కథ.

విజ్ఞానమును తెరపై వివరించుటలో ఈ చిత్రమునకు సాటి తక్కువ. తండ్రి కాగితపు క్లిప్పులను గొలుసుగా కూర్చి ఆమ్లముల పెరుగుదలను గ్రహించు ఘట్టము ఇందుకు నిదర్శనము. హానికరమైన ఆమ్లములను పొడిగించు ఎంజైమునే నూనెలోని ఆమ్లములు ఆక్రమించుకొనును. కనుక వాటి తయారీ తగ్గును. ఇంత క్లిష్టమైన విషయము సామాన్య ప్రేక్షకునికి సులభముగా బోధపడును. లోపము తన నుండియే కుమారునికి సంక్రమించినదని తెలిసిన తల్లి వేదనను సుసాన్ సరాండన్ చక్కగా అభినయించినది.

లోపమంతయు ముగింపులో నున్నది. నూనె వాడిన బాలురు ఆరోగ్యముగా నుండుటను చూపి చిత్రము ముగియును. కాని ఆ జన్యులోపము గల బాలురందరికిని మెదడు వ్యాధి రాదు. నూనె వాడని వారితో పోల్చి చూడనిదే ఆ ఆరోగ్యము నూనె ఫలమని చెప్పుట ఎట్లు? రక్తములో ఆమ్లములు తగ్గుట వేరు, మెదడు కోలుకొనుట వేరు. ఈ భేదమును అడిగిన వైద్యులను చిత్రము కఠినహృదయులుగా చూపినది. హ్యూగో మోజర్ బృందము 89 మంది బాలురను పరిశీలించి 2005లో ఫలితములు ప్రకటించినది. లక్షణములు కనిపించక మునుపే వాడినచో నూనె కొంత రక్షణ నీయవచ్చునని వారు భావించిరి. అయినను పోల్చుటకు నూనె వాడని సమూహము అందులో లేదు. ముదిరిన వ్యాధిని నూనె ఆపలేదు. లొరెంజో 2008లో, 30వ యేట, కోలుకొనకయే మరణించెను.

పిమ్మట జన్యుచికిత్స వచ్చినది. రోగి మూలకణములలో సరియైన జన్యువును చేర్చు ఈ పద్ధతి తొలి ఫలితములు 2009లో పారిస్ నుండి వెలువడెను. 2022లో అమెరికా దీనిని ఆమోదించినది. కాని చికిత్స పొందిన 67 మందిలో 7గురికి రక్త కాన్సరు వచ్చినట్లు 2024లో ప్రకటింపబడెను. ఈ అపాయము బయటపడినది ఓపికతో సాగిన పరిశీలన వలననే. చిత్రము విసుగుకొన్నది సరిగా ఆ ఓపిక మీదనే. తలిదండ్రుల ఆరాటము లేనిదే పరిశోధన కదలదు. పరీక్షకు నిలువనిదే ఆశ ఔషధము కాదు. చిత్రము మొదటి సత్యమును చెప్పినది, రెండవదానిని విస్మరించినది.